బొట్టు పెట్టిన తుపాకి

మూతి నుంచి మందు కూరే తుపాకి నిండుగా ఉందో ఖాళీగా ఉందో కంటితో చూసి చెప్పలేం. కడ్డీ దింపి చూడాలి. ఖాళీ గొట్టమైతే కడ్డీ అడుగంటా దిగి, దాని మీద గీసిన గీత సరిగ్గా మూతి దగ్గర నిలుస్తుంది. లోపల మందూ గుండూ ఉంటే గీత మూతికి పైనే ఆగిపోతుంది. పనిలో చేరిన మొదటి రోజు మా పెద్ద మిస్త్రీ నాకు నేర్పింది ఇదే. పేరు అడక్కముందే కడ్డీ చేతికిచ్చాడు.

మామూలుగా ఒక దెబ్బకి సరిపడా సరుకు లోపలుంటే గీత రెండు వేళ్లంత పైకి నిలుస్తుంది. నేను చెప్పబోయే రోజున అది అరచెయ్యంత పైకి నిలిచింది.

మరమ్మతు పనుల్లోకి కొత్తగా వస్తున్న కుర్రాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మీరు బాగుచేసేది స్కూటరు కావచ్చు, ఫ్రిజ్జు కావచ్చు. అలాంటి తుపాకి మీ చేతికి రాదు, రాకపోవడమే మంచిది. కానీ ఏ పనికైనా ముందు వెనకలంటూ ఉంటాయి. ఎంతో తెలిసినవాడు, ఎంతో భక్తి ఉన్నవాడు ఆ ముందు వెనకల దగ్గర ఎలా దెబ్బతిన్నాడో మీకు తెలియాలనిపించింది.

డెబ్భైలు ముగిసే రోజులు. జంషెడ్‌పూర్ సాక్చి బజారులో లైసెన్సున్న తుపాకుల దుకాణం మాది. ముందు గదిలో యజమాని కూర్చునేవాడు. ఆయన్ని అందరం సేఠ్ అనేవాళ్లం. వెనక గది, దాని వెనక రేకుల చావిడి, చిన్న పెరడు మా రాజ్యం. మా అంటే నేనూ, పెద్ద మిస్త్రీనూ. మా నాన్న టాటానగర్ యార్డులో పనిచేసేవాడు, బాగ్‌బేరా రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్లం. మిస్త్రీది సీతారామ్‌డేరా. ఆయనా మా శ్రీకాకుళం వైపు మనిషే కావడంతో నేను ఆయన్ని మావా అనేవాణ్ని. చుట్టరికం ఏమీ లేదు. జంషెడ్‌పూర్‌లో మనవైపు మాట వినిపిస్తే చాలు, వరస కలిసిపోయేది.

మా దగ్గరికి వచ్చేవాటిలో ఎక్కువ భాగం తూటా తుపాకులు. కూరుడు తుపాకులు కొన్నే. దల్మా కొండ కింద ఊళ్ల రైతులు పంట కాపలాకి తాతల నాటి లైసెన్సుల మీద ఉంచుకున్నవి. వానాకాలంలో తుప్పు పట్టకుండా వాటిని మా దగ్గర వదిలి, వరి పొట్ట మీదికి వచ్చే వేళకి తీసుకెళ్లేవారు. వాటిని కడగడం తూటా తుపాకిని తుడిచినట్టు కాదు. నల్లమందు మసిలో ఉప్పు గుణం ఉంటుంది, నూనెకి లొంగదు. నూనె రాస్తే మసి మీద మెరుగు కనిపిస్తుంది, మెరుగు కింద తుప్పు తినేస్తూ ఉంటుంది. సలసల కాగే నీళ్లు గొట్టంలో పొయ్యాలి, గుడ్డ చుట్టిన కడ్డీతో తోమాలి, నీళ్లు తేటగా వచ్చేదాకా పొయ్యాలి. గొట్టం ఆ వేడికే ఆరిపోతుంది. అప్పుడు నూనె.

ఆఖర్న టోపీ పరీక్ష. ఇలాంటి తుపాకికి వెనక వైపు నిపిల్ అని చిన్న మొన ఉంటుంది, దానికి సూది దూరేంత బెజ్జం. దాని మీద రాగి టోపీ తొడుగుతారు. గుర్రం, అంటే తుపాకి సుత్తి, వచ్చి టోపీని కొడితే నిప్పు ఆ బెజ్జంలోంచి లోపలి మందుకి అందుతుంది. బెజ్జం మూసుకుపోతే టోపీ పేలుతుంది, తుపాకి పేలదు. అందుకే మేం ఖాళీ తుపాకికి ఒక టోపీ తొడిగి, మూతి ముందు కాగితం మీద చిటికెడు బూడిద పోసి, గుర్రం వదిలేవాళ్లం. బూడిద ఎగిరితే దారి తెరిచి ఉన్నట్టు. ఎగరని తుపాకిని మిస్త్రీ గడప దాటనిచ్చేవాడు కాదు.

సెప్టెంబరులో వచ్చే విశ్వకర్మ పూజ అంటే ఆ ఊళ్లో చెప్పక్కర్లేదు. కార్ఖానాల్లో యంత్రాలకీ, రిక్షా స్టాండులో రిక్షాలకీ ఆ రోజు దండలే. మా చావిట్లో తుపాకులన్నీ బల్ల మీద వరసగా పరిచి, బంతిపూలు పెట్టి, మిస్త్రీ స్నానం చేసి వచ్చి ఒక్కొక్కదానికీ సిందూరం బొట్టు పెట్టేవాడు. మనవాళ్లలా కుంకుమ కాదు, అక్కడివాళ్లలా నూనెలో కలిపిన సిందూరం. తూటా తుపాకులకి చెక్క మీద పెట్టేవాడు. కూరుడు తుపాకులకి మాత్రం గుర్రం కింద, నిపిల్ మీదే పెట్టేవాడు. ఎందుకు మావా అంటే, "దీని పేనం ఇక్కడే కదరా" అనేవాడు. ఆ బొట్టు చెరపకుండానే మర్నాటి నుంచి రైతులు ఎప్పుడొస్తే అప్పుడు ఇచ్చేవాళ్లం. వాళ్లకీ అదే ఇష్టం. బొట్టు లేకపోతే ఈ ఏడు పూజ చెయ్యలేదా అని అడిగేవారు.

ఏటా ఆ సిందూరాన్ని ఆయన ఇంటి నుంచి తెచ్చుకున్న సర్సోం నూనెలో, అదే ఆవనూనెలో, కలిపేవాడు. అది ఎన్నాళ్లున్నా ఆరదు, టోపీ నిప్పుకి చెదిరిపోయేది. ఆ ఏడు సీసా ఇంట్లో మరిచిపోయి వచ్చాడు. పూజ వేళ మించిపోతోందని సేఠ్ తొందరపెడుతున్నాడు. తుపాకి చెక్కలకి మెరుగు పెట్టడానికి చావిట్లో కాచిన అవిసె నూనె ఉండేది. అందులో కలిపేశాడు. దేవుడి పనికి ఏ నూనైతే ఏమిటనుకున్నాం అందరం.

పూజకి ముందు రోజే అన్నిటికీ టోపీ పరీక్ష అయిపోయింది. బూడిద అన్నిటికీ ఎగిరింది.

దసరా వెళ్లాక ఒక ఉదయం కొండ కింది రైతు ఒకాయన గోనె గుడ్డలో చుట్టిన తుపాకితో లోపలికి వచ్చాడు. నాకు బాగా తెలిసిన తుపాకి అది. మిగతా రైతులవి నున్నటి గొట్టాలు. ఇది నిజమైన రైఫిల్. గొట్టం లోపల మర చుట్లలా తిరిగిన గాళ్లు, సన్నటి కాలవల్లాంటివి, ఉండేవి. ఆయన తాత ఎవరో దొరకి వేటలో దారి చూపిస్తే, ఆ దొర వెళ్లిపోతూ ఇచ్చిన తుపాకి అట ఇది. ఆ గాళ్లలో ఇరుక్కున్న మసిని తియ్యడానికి ఏటా వానాకాలంలో నా వేళ్లు కందిపోయేవి.

"మిస్త్రీజీ, ఇది పేలడం మానేసింది" అన్నాడు హిందీలో.

మిస్త్రీ కడ్డీ దింపాడు. గీత అరచెయ్యంత పైన ఆగింది. ఆయన మొహం మారింది. తుపాకిని మెల్లగా ఎత్తి, మూతి పెరటి గోడ వైపు ఉండేలా బల్ల మీద పెట్టాడు.

"ఎన్నిసార్లు కూరావు?"

"రెండుసార్లు. మొదటిసారి పంది నా ముందే నిలబడి ఉంది. గుర్రం వదిలాను. టోపీ టప్‌మంది, అంతే. పంది నన్ను చూసింది, నేను పందిని చూశాను. అది తినడం కూడా ఆపలేదు."

"మరి లోపలిది తియ్యకుండా మళ్లీ ఎందుకు కూరావయ్యా?"

"తీసే సామాను నా దగ్గర ఎక్కడిది? మొదటి మందు చెమ్మగిల్లిందనుకున్నాను. ఎండబెట్టిన మందు పైన కూరితే అది పేలి, కిందిదాన్ని కూడా తోసుకుపోతుందనుకున్నాను. మళ్లీ టప్‌మంది."

"పేలి ఉంటే గొట్టమే చీలిపోయేది. నీ మొహం మిగిలేది కాదు. ఇప్పుడు దీన్ని ఎలా తెచ్చావు?"

"బస్సులో."

"ఒళ్లో పెట్టుకునా?"

"సీటు ఎక్కడ దొరికింది మిస్త్రీజీ, నిలబడే వచ్చాను."

ఇంకోసారైతే నవ్వేవాళ్లం.

ఈ మాటలకి సేఠ్ లేచి వచ్చాడు. సంగతి తెలిశాక గుమ్మం అవతలే ఆగిపోయాడు. "ఈ పల్లెటూరివాళ్లకి మందు ఆరబెట్టుకోవడం చేతకాదు, తుపాకి మీద నెపం పెడతారు" అంటూ రైతుని కేకలేశాడు. రైతు తలొంచుకుని విన్నాడు. మిస్త్రీ మాత్రం నిపిల్ మీదికి వంగి భూతద్దంలోంచి చూస్తున్నాడు. చాలాసేపు చూశాడు. తర్వాత భూతద్దం నా చేతికిచ్చాడు. బెజ్జం ఉండాల్సిన చోట ఎర్రగా, నున్నగా, లక్కలా ఏదో ఉంది.

"ఏటిరా అది?" అన్నాడు మన మాటలో, గొంతు తగ్గించి.

"సిందూరం మావా."

"సిందూరం, అవిసి నూనెరా. పైపు ఫిట్టర్లు జాయింట్లకి రాత్తారే, ఆ లప్పం. ఆరితే రాయే. సుట్టూ కార్ఖానాలున్న ఊళ్లో ఇన్నేళ్లుండి, అది నాకు తెల్దేటి? దేవుడి పేరు సెప్పి తుపాకీకి సీలేసేను."

తర్వాత సేఠ్ వైపు తిరిగి అందరికీ వినిపించేలా హిందీలో అన్నాడు. "అతని మందు చెమ్మగిల్లలేదు. బెజ్జం మూసింది నేను. పూజ రోజు నా వేలే మూసింది."

సేఠ్ ఆయన్ని పక్కకి పిలిచాడు. రైతు ముందు అలా ఒప్పుకుంటే రేపు ఈ గుమ్మం ఎవరు తొక్కుతారని కోప్పడ్డాడు. ఆయన చెప్పిన ఉపాయం ఒకటే. తుపాకిని సువర్ణరేఖ నది ఒడ్డుకి తీసుకెళ్లి, చెట్టుకి కట్టి, గొట్టం కింద నెమ్మదిగా రాజుకునే మంట పెట్టి, దూరంగా వచ్చేసి పేల్చెయ్యడం. చీలితే చీలుతుంది, మనుషులకి ఏమీ కాదు. అందులో అబద్ధం ఏమీ లేదు. ఆయన పిరికివాడూ కాదు, చెడ్డవాడూ కాదు. జీతమిచ్చే మనిషి ఆలోచించాల్సిందే ఆలోచించాడు.

రైతుకి ఆ మాట చెప్పింది నేను. అతను గోనె గుడ్డని మడత పెడుతూ విన్నాడు.

"ఏనుగులు కొండ దిగాయి బాబూ. నిరుడు మూడొంతుల చేను తొక్కేశాయి. మా ఊరి మొత్తానికి చప్పుడు చేసేది ఇదొక్కటే. గొట్టం పోతే నంబరు పోతుంది. నంబరు పోతే లైసెన్సు పోతుంది. కొత్తది నాకెవరిస్తారు?" అన్నాడు. మడిచిన గుడ్డని పక్కన పెట్టి మళ్లీ అన్నాడు. "కానీ మిస్త్రీజీ చేతులు పోతాయంటే వద్దు. చేను మళ్లీ పండుతుంది."

ఈ ఆఖరి మాట మిస్త్రీ చెవిన పడింది. పడకపోయినా ఆయన చేసేది అదేనేమో, చెప్పలేను. చొక్కా విప్పి మేకుకి తగిలించాడు.

పని వినడానికి తేలిక. లోపలి మందుని తడిపి చంపాలి, తర్వాత గుళ్లని లాగెయ్యాలి. మందు తడవాలంటే నీళ్లు లోపలికి పోవాలి. మూతి వైపు నుంచి పోవు, ఇప్పనూనె పట్టించిన గుడ్డలో చుట్టి బిగించిన గుళ్లు దారికి అడ్డం. ఉన్న దారి నిపిల్ ఒక్కటే. దాన్ని ఆ లప్పం మూసేసింది. మరలోంచి నిపిల్‌ని విప్పబోతే ఇనుముకీ ఇనుముకీ రాపిడి. ఉక్కు సూదితో పొడిస్తే ఆ బెజ్జం అవతల రెండు దెబ్బల మందు కాచుకుని ఉంది. ఉక్కు ముట్టుకోకుండా లప్పం తియ్యాలి.

రంగులు కరిగించే తార్పిన్ నూనె చుక్క వేసి నానబెట్టాడు. మెత్తబడినంత మేరకి గీకాలి, మళ్లీ చుక్క వెయ్యాలి. గీకడానికి తుమ్మ ముల్లు కావాలన్నాడు. నేను లేచేలోపే రైతు వెళ్లిపోయి, ఎక్కడి నుంచో ఒక కొమ్మంతా విరుచుకుని వచ్చాడు. చేతులు గీరుకుపోయి ఉన్నాయి. ఊరికే కూర్చోలేక వెళ్లాడని అర్థమైంది.

తుపాకిని పెరట్లో ఇసక బస్తాల మధ్య, మూతి మట్టి గట్టు వైపు పెట్టి కట్టాం. నేను కట్టు బిగించి పక్కనే కూర్చోబోయాను.

"నువ్వెల్లు. గోడవతల కూకో."

"ఒక్కడివీ ఎలా చేస్తావు మావా? తార్పిన్ అందించడానికైనా ఉంటాను."

"నీకు ఇంటికాడ సిన్న గుంట ఉన్నాది, ఇంకా పాలు తాగే పిల్ల. నా గుంటలు పెద్దోళ్లయిపోయేరు. ఎల్లమంటే ఎల్లు, తగువాడకు."

గోడకి ఒక ఇటుక ఊడిన సందు ఉంది. అందులోంచి చూస్తూ కూర్చున్నాను. నా పక్కన రైతు. వెనక గదిలో సేఠ్. ఆ రోజు ఆయన దుకాణం తలుపు తీసి ఉంచాడు కానీ వచ్చినవాళ్లందరినీ రేపు రమ్మని పంపేశాడు.

మీరు ఊహించుకునే హడావుడి ఏమీ లేదు. ఒక పెద్దమనిషి ఇసక బస్తాల పక్కన బోర్లా పడుకుని, ముల్లుతో ఒక మొనని గీకుతున్నాడు, అంతే. ముల్లు విరిగితే ఇంకోటి తీస్తాడు. ముల్లు కొనకి అంటుకున్న ఎర్రటి పొడిని బనీనుకి తుడుచుకుంటాడు. ఆ బనీను మీద ఎరుపు పెరుగుతూ వచ్చింది. మధ్యలో ముల్లు పక్కన పెట్టి, రెండు అరచేతులూ నేలకి ఆనించి, వేళ్లకి విశ్రాంతి ఇచ్చేవాడు. మళ్లీ మొదలెట్టేవాడు. ఒకసారి రైతు నా భుజం మీద చెయ్యి వేసి, అక్కడ ఉన్నట్టు మరిచిపోయి చాలాసేపు అలాగే ఉంచేశాడు.

ఎండ పెరటి గోడ దిగుతుండగా మిస్త్రీ ఒక్కసారి బిగుసుకుపోయాడు. ముల్లు హఠాత్తుగా లోపలికి దిగింది. ఆయన చెయ్యి కదపలేదు. మొహం నిపిల్‌కి జానెడు దూరంలో ఉంది. నేను కళ్లు మూసుకున్నాను.

ఏమీ వినిపించలేదు. కళ్లు తెరిచేసరికి ఆయన ముల్లుని వెంట్రుక లాగినట్టు బయటికి లాగుతున్నాడు. దాని కొన నల్లగా ఉంది. ఎరుపు కాదు, నలుపు. అంటే మందు దాకా వెళ్లి వచ్చింది.

"పిల్లర్ తే" అన్నాడు. మామూలు గొంతు.

సేఠ్ తన బల్ల మీది, పెన్నులో సిరా ఎక్కించే పిల్లర్ తీసి తనే పరిగెత్తుకుంటూ గోడ దాకా తెచ్చిచ్చాడు. దాంతో మిస్త్రీ చుక్క చుక్కగా నీళ్లు ఎక్కించాడు. కాసేపటికి బెజ్జంలోంచి నల్లటి నీరు వెనక్కి కారింది. అప్పుడు నన్ను పిలిచాడు. తుపాకిని తడి గుడ్డల్లో చుట్టి నాననిచ్చాం. రైతుని తన ఇంటికి భోజనానికి తీసుకెళ్లాడు.

మర్నాడు మరమేకు తల ఉన్న కడ్డీ దింపి, సీసం గుండులోకి తిప్పి లాగాం. మొదటి గుండు వచ్చింది, వెనకే చిరిగిన గుడ్డ. నిపిల్ నీళ్లు అందని పై మందుని మూతిలోంచి నీళ్లు పోసి బురద చేసి ఒంపేశాం. రెండోది గాళ్లలో బిగుసుకుని మా ఇద్దరినీ చాలాసేపు ఏడిపించింది. వచ్చాక మిస్త్రీ రెండు గుళ్లనీ అరచేతిలో పెట్టుకుని చూసి, జేబులో వేసుకున్నాడు. ఎదుటి టీ బడ్డీ నుంచి కెటిల్‌తో మరిగే నీళ్లు తెచ్చి కడిగాం. టీ బడ్డీవాడు "ఇందులో చాయ్‌పత్తీ వెయ్యనా మిస్త్రీజీ?" అంటే, ముందు రోజు నుంచి మొదటిసారి ఆయన నవ్వాడు. గొట్టం ఆరింది, నూనె పడింది, టోపీ తొడిగాం, బూడిద ఎగిరింది. పూజలో ఉన్న మిగతా కూరుడు తుపాకుల్ని రైతులు ఇంకా పట్టుకెళ్లలేదు, అదృష్టవశాత్తూ అన్నీ చావిట్లోనే ఉన్నాయి. వాటి బొట్లు కూడా ఆ పూటే గీకేశాడు. ఏ ఒక్కదానికీ బెజ్జం తెరిచి లేదు.

రైతు తుపాకిని అందుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, మళ్లీ బల్ల మీద పెట్టేశాడు.

"టీకా పెట్టలేదు" అన్నాడు. బొట్టుని వాళ్లు అలాగే అంటారు.

మిస్త్రీ అర్థం కానట్టు చూశాడు.

"పాతది తీసేశారు కదా. బొట్టు లేకుండా ఏనుగుల ముందుకి ఎలా తీసుకెళ్లను?"

"నీకు జరిగింది తెలియదా? ఆ బొట్టే కదయ్యా..."

"తెలుసు. ఆ చోట పెట్టకండి. ఇంకోచోట పెట్టండి."

మిస్త్రీ తన బొటనవేలిని బనీనుకి గట్టిగా తుడుచుకున్నాడు. చివరికి నా వైపు చూశాడు. నేను సిందూరం డబ్బా తెచ్చాను, మూత తీశాను. నూనె ఏదీ కలపలేదు. ఆయన పొడి సిందూరాన్ని బొటనవేలితో అద్ది, తుపాకి చెక్క వెనక కొసన, భుజానికి ఆనే చోట పెట్టాడు.

ఆనాటి నా డైరీలో ఉన్నది ఇంతే: "ఎండగా ఉంది. రైఫిల్ ఇచ్చేశాం."

తర్వాతి ఏడు నుంచి వరస మారింది. ముందు పూజ, తర్వాత టోపీ పరీక్ష. హారతి అయ్యీ అవగానే, ఇంకా పూలు తియ్యకుండానే, ఒక్కొక్క కూరుడు తుపాకికీ టోపీ తొడిగి బూడిద మీద గుర్రం వదిలేవాళ్లం. చావిడంతా టప్, టప్ మని మోగేది. వీధిలో పిల్లలు ఆ చప్పుడు వినడానికే గుమ్మంలో మూగేవారు. కొన్నేళ్లకి కొత్తగా చేరిన పనివాళ్లు అది పూజలో భాగమే అనుకున్నారు. మిగతా దుకాణాల్లో గంట కొడతారు, ఇక్కడ టోపీలు పేలుస్తారు అని చెప్పుకునేవారు. సేఠ్ కూడా చుట్టాలకి అలాగే చెప్పేవాడు. నేను ఎవరినీ దిద్దలేదు.

మిస్త్రీ చివరి పూజకి వచ్చేనాటికి పని మానేసి చాలా కాలమైంది, నడక కూడా కష్టంగా ఉంది. హారతి పళ్లెం ఆయన దగ్గరికి తీసుకెళ్లాను. కళ్లకి అద్దుకున్నాడు. తర్వాత అందరూ విశ్వకర్మ పటానికి దణ్ణం పెడుతుంటే, ఆయన మాత్రం పటం వైపు వీపు పెట్టి, బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. ఒక్కొక్క టోపీ పేలుతుంటే, కాగితం మీద బూడిద ఎగిరిందో లేదో వంగి చూస్తూ, ఆఖరి తుపాకి దాకా అలాగే నిలబడ్డాడు.